మీ టాప్ మూడు సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు ఏవి? (నెల్లూరు, ప్రకాశం ఓటింగ్)

పెన్నాగట్టు (నెల్లూరు)

బిర్యానీ ర్యాంకింగ్‌లో ఇద్దరు అలిగి గ్రూప్ వదిలేశారు. అందుకని ఈసారి ఎవరికీ కడుపు మండని సబ్జెక్టు పెడుతున్నా: సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లు. ఒక్కొక్కరు మూడు చెప్పాలి. మొదటిదానికి 5 మార్కులు, రెండోదానికి 3, మూడోదానికి 1. సినిమాలు వద్దు. సింగీతం గారు మన ఉదయగిరిలో పుట్టిన మనిషి, టైమ్ మెషీన్ సినిమా తీసింది ఆయనే, అన్నీ తెలుసు. అయినా వద్దు.

ఇంకో షరతు. ముగింపు చెడగొట్టుకున్న సిరీస్‌ను మొదటి స్థానంలో పెట్టకూడదు. ఐదారేళ్ళు మన టైం తిని చివర్లో చేతులెత్తేసిన వాళ్ళకి ఫస్ట్ ర్యాంక్ ఏంది?

నాకు మొదటిది స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు. మొదటి రెండు సీజన్లు కాస్త ఓపిక పట్టాలి, చాలామంది అక్కడే దిగిపోతారు. కానీ ఆ రెండో సీజన్‌లోనే 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' అనే ఎపిసోడ్ ఉంది. డేటా అనే ఆండ్రాయిడ్‌కి హక్కులున్నాయా, లేక వాడు ఓడలో ఒక సామానా అని విచారణ. అతని స్నేహితుడు రైకరే అతనికి వ్యతిరేకంగా వాదించాల్సి వస్తుంది. రైకర్ లేచి వచ్చి డేటా చెయ్యి ఊడదీసి చూపిస్తాడు. తర్వాత వీపు దగ్గరున్న స్విచ్ నొక్కుతాడు. డేటా అలాగే బల్ల మీదికి వాలిపోతాడు. ఒక్క తుపాకీ పేలదు, ఒక్క గ్రహం బద్దలవదు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఇక ఆఖరి ఎపిసోడ్ సంగతి చెప్పక్కర్లేదు, మొదటి ఎపిసోడ్‌లో మానవజాతి మీద మొదలైన విచారణను అక్కడికే తెచ్చి ముగించారు.

రెండోది డార్క్, మూడోది ద ఎక్స్‌పాన్స్.

చేపల పులుసు (నెల్లూరు)

కెప్టెన్ వ్యోమ్. 5 మార్కులు. రాసుకో అన్నా.

పెన్నాగట్టు

ఒరే, సీరియస్‌గా చెప్పు.

చేపల పులుసు

సీరియస్సే. 1998, దూరదర్శన్, మిలింద్ సోమన్, కేతన్ మెహతా డైరెక్షన్. మీ డేటా గారి విచారణ జరిగేటప్పుడు నాకు ఇంగ్లీషు ఏబీసీడీలే వచ్చు. వ్యోమ్ కోసం కరెంటు పోకూడదని దేవుడికి మొక్కుకున్నా. గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది, నిజమే. అప్పుడు రాలేదు కదా.

కనిగిరి కొండ (కనిగిరి)

ఎక్స్‌పాన్స్‌ని మూడో స్థానంలో పెట్టినందుకు పెన్నాగట్టు అన్న మీద నాకు కోపం లేదు. పక్కనే పెన్నా పారుతుంటే మీకెలా తెలుస్తుంది ఆ సిరీస్ విలువ?

చూడనివాళ్ళకి చెప్తా. ఇప్పటికి కొన్ని వందల ఏళ్ళ తర్వాత కథ. భూమి ఒక రాజ్యం, మార్స్ ఒక రాజ్యం. రెండింటికీ అవతల గ్రహశకలాల మధ్య బెల్ట్‌లో పుట్టి పెరిగిన కూలీ జనం. ఆ బెల్ట్‌లోనే ఉన్న సెరెస్ అనే చిన్న గ్రహం మీద ఒకప్పుడు నిండా మంచు ఉండేది. దాన్ని తవ్వి పట్టుకుపోయారు. ఇప్పుడు అక్కడి జనానికే నీళ్ళు రేషన్. కథ మొదలయ్యేది కూడా శనిగ్రహం వైపు నుంచి మంచుగడ్డలు మోసుకొచ్చే ఓడతోనే. ఆ ఓడ పేలిపోతే సెరెస్‌లో జనం వీధుల్లోకి వస్తారు. నీళ్ళ ట్యాంకర్ రాకపోతే ఏమవుతుందో కనిగిరి వైపు ఏ వీధిలో అడిగినా చెప్తారు. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు, తాగడానికి క్యాన్లు. మాకు నీళ్ళివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు, అప్పుడు పుట్టినవాళ్ళ పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. స్పేస్ సిరీస్‌లో మా ఊరి కథ కనిపిస్తుందని నేనైతే అనుకోలేదు.

ఇంకో సీన్ చెప్పాలి. సెరెస్‌ని గిరగిరా తిప్పి గురుత్వాకర్షణ పుట్టిస్తారు కదా. డిటెక్టివ్ మిల్లర్ గ్లాసులో మందు పోసుకుంటాడు. ఆ ధార నిటారుగా పడదు, పక్కకి వంగి గ్లాసులో పడుతుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. మిల్లర్‌కి అది అలవాటు. చూసి వెనక్కి తిప్పి మళ్ళీ చూశా. బెల్ట్ వాళ్ళు తల ఊపరు, భుజాలు ఎగరేయరు. చేతులతో సైగ చేస్తారు. తరతరాలుగా స్పేస్ సూట్లలో పనిచేసిన జనం, సూట్ లోపల తల ఊపితే ఎవరికి కనిపిస్తుంది? అంత ఆలోచించి తీశారు.

నా లెక్క: ఎక్స్‌పాన్స్ 5, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా 3, ఆండోర్ 1.

పెన్నాగట్టు

తమ్ముడూ, అంతా ఒప్పుకుంటా. కానీ ముగింపు? ఆఖరి సీజన్ ఆరు ఎపిసోడ్లే. అవతల లకోనియా అనే గ్రహం కథ మొదలుపెట్టి గాలికి వదిలేశారు. నవలలు తొమ్మిది, వీళ్ళు ఆరో నవల దగ్గర ఆపేశారు. రూల్ ప్రకారం మొదటి స్థానం చెల్లదు.

కనిగిరి కొండ

రూల్ పెట్టింది మీరు, ఒప్పుకుంది ఎవరు? సిఫై ఛానెల్ 2018లో మూడు సీజన్లకే ఆపేస్తే అభిమానులు డబ్బులు వేసుకుని అమెజాన్ ఆఫీసు మీదుగా బ్యానర్ కట్టిన విమానం తిప్పారు. అలా బతికించుకుంటే ఇంకో మూడు సీజన్లు వచ్చాయి. మొత్తం 62 ఎపిసోడ్లు. చివర్లో ఒక దారం వేలాడుతుందని 62 ఎపిసోడ్లు కొట్టేస్తారా?

కావలి మాస్టారు (కావలి)

అందరికీ నమస్కారం. రిటైరైన హెడ్‌మాస్టర్‌ని కాబట్టి మార్కుల గొడవ వింటే ఆగలేను. ముగింపుకి విడిగా మార్కులుండాలే గానీ, ముగింపు బాగాలేదని పేపరంతా కొట్టేయడం ఏ వాల్యుయేషన్‌లోనూ లేదు నాయనా.

నా మొదటి ఓటు ద ట్విలైట్ జోన్‌కి. 1959 నుంచి 1964 దాకా సీబీఎస్‌లో వచ్చింది. 156 ఎపిసోడ్లు, అందులో 92 రాడ్ సెర్లింగ్ ఒక్కడే రాశాడు. ప్రతి వారం కొత్త కథ, కొత్త మనుషులు. మీరంతా సీజన్ చివర ముగింపు గురించి కొట్టుకుంటున్నారు, ఆయనకి వారం వారం ముగింపు రాయాల్సి వచ్చేది.

ఒకటి చెప్తా. ఒక బ్యాంకు గుమస్తా. పుస్తకాల పిచ్చి. కౌంటర్ కింద పెట్టుకుని చదువుతాడు, మేనేజర్ తిడతాడు. ఇంట్లో భార్య చదవనివ్వదు. ఒకరోజు మధ్యాహ్నం డబ్బు దాచే వాల్ట్‌లో కూర్చుని చదువుకుంటుంటే పైన హైడ్రోజన్ బాంబు పడుతుంది. బయటికొస్తే ఊళ్ళో ఒక్క ప్రాణి లేదు. లైబ్రరీ మాత్రం ఉంది, మెట్ల మీద పుస్తకాల గుట్టలు. ఏ నెలలో ఏం చదవాలో వరసగా పేర్చుకుంటాడు. ఇక అడిగేవాళ్ళు లేరు. కింద పడ్డ పుస్తకం అందుకోబోతే కళ్ళజోడు జారి రాతి మెట్టు మీద పడి పగిలిపోతుంది. అంతే, అయిపోయింది.

మార్కాపురం పలక (మార్కాపురం)

మాస్టారూ!! మొత్తం చెప్పేశారు. నేను చూద్దామనుకుంటున్నా.

కావలి మాస్టారు

అమ్మాయ్, అది వచ్చింది 1959లో. ఇంకా ఎన్నాళ్ళు ఆగమంటావు?

రెండో ఓటు పాత స్టార్ ట్రెక్, 1966 నాటిది. మూడోది పెన్నాగట్టు చెప్పిన నెక్స్ట్ జనరేషన్. 1980ల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున పాత స్టార్ ట్రెక్ వేసేవారు. ఇంగ్లీషు డైలాగులు మా వీధిలో ఎవరికీ సరిగా అర్థమయ్యేవి కావు, కానీ మనుషులు మెరుపులా మాయమై ఇంకోచోట తేలడం అందరికీ అర్థమైంది. ఆ ట్రాన్స్‌పోర్టర్ పుట్టిందే డబ్బుల్లేక. ప్రతి వారం ఓడ గ్రహం మీద దిగినట్టు చూపించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని ఈ ఉపాయం కనిపెట్టారు. మా స్కూల్ వార్షికోత్సవాల నాటకాలకి ఇది చాలా పనికొచ్చిన పాఠం.

పులికాట్ పక్షి (సూళ్ళూరుపేట)

నేను వచ్చేశా. నా మొదటిది ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్.

చేపల పులుసు

ఆగాగు. సూళ్ళూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. టైటిల్‌లో నెల్లూరు, ప్రకాశం అనే ఉంది. ఓటు చెల్లదు.

పులికాట్ పక్షి

నలభై ఏళ్ళు మా రాకెట్లు చూపించుకుని నెల్లూరు జిల్లా అని గొప్పలు చెప్పుకున్నప్పుడు గుర్తు రాలేదా? మా నాన్న, నేను పుట్టింది నెల్లూరు జిల్లాలోనే. ఓటు చెల్లుద్ది.

ఆ సిరీస్‌లో 1969లో చంద్రుడి మీద ముందుగా దిగింది అమెరికా కాదు, సోవియట్ యూనియన్. ఆ ఒక్క మార్పు నుంచి చరిత్రంతా వేరే దారి పడుతుంది. పోటీ ఆగదు. సోవియట్లు ఆడమనిషిని చంద్రుడి మీదికి పంపేసరికి నాసా కూడా ఆడవాళ్ళకి హడావుడిగా ట్రైనింగ్ మొదలుపెడుతుంది. నాకు నచ్చింది కంట్రోల్ రూమ్ గొడవలు. మా ఊళ్ళో సగం ఇళ్ళలో షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగి ఉంటాడు, లాంచ్ ముందు రోజు వాళ్ళింట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. 1979 ఆగస్టులో మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది, 1980 జులైలో రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మధ్యలో ఆ పదకొండు నెలలు మా పెద్దవాళ్ళు ఎలా గడిపారో ఇప్పటికీ కథలుగా చెప్తారు. ఆ టెన్షన్‌ని తెర మీద సరిగ్గా పట్టుకున్న సిరీస్ ఇదొక్కటే.

మొదటి సీజన్ ఆఖర్లో పేర్లు పడ్డాక ఆపేయకండి. నడిసముద్రంలో నీళ్ళు చీల్చుకుని ఒక బ్రహ్మాండమైన రాకెట్ లేస్తుంది, సీ డ్రాగన్. రచయితల కల్పన కాదది. 1962లో నిజంగా గీసిన డిజైన్, ఎత్తు 150 మీటర్లు. కట్టలేదంతే. మన పీఎస్‌ఎల్‌వీ 44 మీటర్లు, దానికే మా ఇంటి కిటికీ రెక్కలు దడదడలాడతాయి. అదీ వెంటనే కాదు. ముందు చెట్ల పైన వెలుగు లేస్తుంది, చప్పుడు ఉండదు. పిల్లలు కేకలేసి, చప్పట్లు కొట్టి, ఇంక అయిపోయిందిలే అనుకునేసరికి దాదాపు నిమిషానికి ఉరుము వస్తుంది. ఇది చూసి పెరిగినవాడికి శూన్యంలో ఓడలు ఢామ్మని పేలితే ఒళ్ళు మండుద్ది. అందుకే మూడో ఓటు ఫైర్‌ఫ్లైకి. అంతరిక్షంలో చప్పుడు పెట్టలేదు వాళ్ళు. తీసింది 14 ఎపిసోడ్లే, వాటినీ ఛానెల్ వాళ్ళు వెనకా ముందూ చేసి వేశారు.

రెండో ఓటు ఎక్స్‌పాన్స్. సగం దారి దాకా ఇంజన్ మండించి, ఓడని వెనక్కి తిప్పి, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ పోతారు. ఆ ఓడల్లో అంతస్తులు అపార్ట్‌మెంట్లలో లాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఇంజన్ కింద. తోసే దిక్కే కింద అవుతుంది కాబట్టి. మిగతా సిరీస్‌ల్లో అందరూ విమానంలో ఉన్నట్టు తిరుగుతుంటారు, ఎందుకో అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

కనిగిరి కొండ

అన్నా, నీకు దండం. తిరుపతి జిల్లా అయినా సరే.

గిత్త (ఒంగోలు)

చప్పుళ్ళు, అంతస్తులు, ఇవన్నీ పక్కన పెట్టండి. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా. 2004లో మొదలైనది, పాత 1978ది కాదు. '33' అని మొదటి ఎపిసోడ్. పన్నెండు గ్రహాలు నాశనమై యాభై వేల చిల్లర జనం ఓడల్లో పారిపోతుంటారు. సైలాన్లు, అంటే మనుషులే తయారుచేసి ఎదురుతిరిగిన రోబోలు, ప్రతి 33 నిమిషాలకీ వచ్చి పడతారు. ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. వేరే ఏ సిరీస్ అయినా యుద్ధం చూపిస్తుంది. ఇది పడని నిద్రని చూపిస్తుంది. గడియారం వంక చూసే కళ్ళు, మాట మధ్యలో తూలిపోయే మనుషులు. ప్రెసిడెంట్ రోస్లిన్ దగ్గర తెల్ల బోర్డు ఉంటుంది, దాని మీద బతికున్నవాళ్ళ సంఖ్య. చచ్చిపోయినప్పుడల్లా చెరిపి తక్కువ రాస్తుంది. ఎపిసోడ్ చివర ఒక ఓడలో బిడ్డ పుట్టిందని కబురు వస్తే, చెరిపి ఒకటి కలిపి రాస్తుంది. నాకు ఆ ఒకటి చాలు.

2009 నాటి ముగింపు మీద తిట్లున్నాయి, తెలుసు. దేవుడి పేరు చెప్పి ముడులు విప్పారు. అయినా మొదటి స్థానమే. పెన్నాగట్టూ, మార్కులు కోసుకుంటే కోసుకో.

రెండు నెక్స్ట్ జనరేషన్. మూడు డార్క్.

మార్కాపురం పలక

ముగింపు, ముగింపు అంటున్నారు కదా, అయితే డార్క్‌కి ఎవరూ సాటి రారు. జర్మన్ సిరీస్, 2017 నుంచి 2020 దాకా, మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. ముందే ఎక్కడ ఆపాలో తెలుసుకుని మొదలుపెట్టారు. కథలో లోకం అంతమయ్యే తేదీ 2020 జూన్ 27, మూడో సీజన్ విడుదల చేసిందీ అదే రోజున.

అణు విద్యుత్ కేంద్రం ఉన్న చిన్న ఊరు, గుహ, 33 ఏళ్ళకోసారి తిరిగొచ్చే కాలం. నాలుగు కుటుంబాలు. ఒకే మనిషి పిల్లాడిగా, నడివయసులో, ముసలితనంలో ఎదురుపడతాడు. నెట్‌లో అందరూ చార్టులు గీసుకుని చూశారు. మా ఇంట్లో ఆ బాధ లేదు, నాయనమ్మ పక్కన కూర్చుంది. జర్మన్ ముక్క రాదు, ఇంగ్లీషు అక్షరం రాదు, నేను చెప్పేది విని "అయితే ఆ పిల్లోడికి ఈయన తాత వరస" అని తేల్చేది. మేనరికాల్లో పెరిగిన మనిషికి నాలుగు కుటుంబాలు ఒక లెక్కా! కానీ రెండో సీజన్ చివర ఒక తల్లీ కూతుళ్ళ సంగతి బయటపడుతుంది. పేర్లు చెప్పను, మాస్టారిలా చెయ్యను. అక్కడ మాత్రం మా నాయనమ్మ కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, "వీళ్ళకి పురుడు ఎవరు పోసినట్టు?" అని లేచిపోయింది.

ఒక్క మాట, ఇంగ్లీషు డబ్బింగ్‌లో చూడొద్దు. జర్మన్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి.

డార్క్ 5, బ్లాక్ మిర్రర్ 3, ట్విలైట్ జోన్ 1. మిగిలిన 155 ఎపిసోడ్లయినా సస్పెన్స్‌తో చూస్తాను మాస్టారూ.

గూడూరు నిమ్మ (గూడూరు)

సెవరెన్స్ పేరు ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం. ఆపరేషన్ చేసి బుర్రని రెండు చేస్తారు. ఆఫీసు మనిషికి ఇల్లు గుర్తుండదు, ఇంటి మనిషికి ఆఫీసు గుర్తుండదు. లిఫ్ట్ ఎక్కగానే మారిపోతారు. వినడానికి హాయిగా ఉంది కదా? ఇప్పుడు ఆఫీసు మనిషి వైపు నుంచి చూడండి. సాయంత్రం లిఫ్ట్ ఎక్కుతాడు, తలుపు తెరుచుకునేసరికి మళ్ళీ పొద్దున్న, మళ్ళీ ఆఫీసే. వాడికి నిద్రంటే తెలీదు, ఆదివారం అంటే తెలీదు. నేను గూడూరులో ఇంట్లో కూర్చుని అమెరికా టైమింగ్స్‌లో పనిచేస్తున్నా. పక్కింటివాళ్ళు నిమ్మకాయల బస్తాలు మార్కెట్‌కి ఎత్తే టైంకి నేను లాప్‌టాప్ మూస్తా. ఈ సిరీస్ చూసిన రాత్రి లాగిన్ అవ్వబుద్ధి కాలేదు.

సెవరెన్స్ 5, ఎక్స్‌పాన్స్ 3, డార్క్ 1.

పెన్నాగట్టు

ఇంకా పూర్తికాని సిరీస్‌కి 5 ఎలా ఇస్తావమ్మా? ముగింపే లేదు.

గూడూరు నిమ్మ

ముగింపు లేదు కాబట్టి ఇంకా చెడలేదు. మీ రూల్ ప్రకారమే చెల్లుతుంది అన్నా.

కావలి మాస్టారు

ఈ పాయింటుకి ఫుల్ మార్కులు.

చేపల పులుసు

నా మిగతా రెండూ రాసుకో అన్నా. డాక్టర్ హూ 3, స్ట్రేంజర్ థింగ్స్ 1. రెండోది నెట్‌ఫ్లిక్స్‌లో తెలుగు ఆడియోతో ఇంటిల్లిపాదీ చూశాం. డాక్టర్ హూకి ఎందుకంటే, 1966లో హీరోకి ఒంట్లో బాగాలేకపోతే హీరోనే మార్చేసి, ఈ జాతివాళ్ళకి ఒళ్ళు మారిపోతుందని కథలో కలిపేశారు. 1963లో మొదలైన సిరీస్ ఆ ఒక్క ఐడియాతో ఇప్పటిదాకా లాక్కొచ్చింది. మన డైలీ సీరియళ్ళలో "ఇకపై ఈ పాత్రలో" అని ఫోటో వేసి చేతులు దులుపుకుంటారు.

పెన్నాగట్టు

సరే, రూల్ ఎత్తేశా. ఎనిమిది మంది, 72 మార్కులు. లెక్క ఇది:

ఎక్స్‌పాన్స్ 12. డార్క్ 10. నెక్స్ట్ జనరేషన్ 9. బ్యాటిల్‌స్టార్ 8. ట్విలైట్ జోన్ 6. ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్, సెవరెన్స్, కెప్టెన్ వ్యోమ్ తలా 5. పాత స్టార్ ట్రెక్, బ్లాక్ మిర్రర్, డాక్టర్ హూ తలా 3. ఆండోర్, ఫైర్‌ఫ్లై, స్ట్రేంజర్ థింగ్స్ తలా 1.

కనిగిరి తమ్ముడూ, గెలిచావు.

కావలి మాస్టారు

రీవాల్యుయేషన్ అడుగుతున్నా. స్టార్ ట్రెక్ పాతదీ కొత్తదీ ఒకే విశ్వం, ఒకే ఓడ పేరు. 9కి 3 కలిపితే 12. మొదటి స్థానం ఇద్దరిదీ.

కనిగిరి కొండ

మాస్టారూ, ఇది అన్యాయం. రెండింటి మధ్య పద్దెనిమిదేళ్ళ గ్యాప్ ఉంది. తండ్రి మార్కులు కొడుక్కి కలుపుతారా?

పులికాట్ పక్షి

అలా కలిపేటట్టయితే నాదో లెక్క ఉంది. బ్యాటిల్‌స్టార్‌ని కొత్తగా తీర్చిదిద్దింది రొనాల్డ్ డి. మూర్. ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్ సృష్టికర్తల్లో ఒకడూ ఆయనే. 8, 5 కలిపితే 13. మీ ఇద్దరికన్నా ఎక్కువ.

గిత్త

ఆగు, ఇంకా ఉంది. నెక్స్ట్ జనరేషన్‌కి మూడో సీజన్ నుంచి రాసిన వాళ్ళలో మూర్ కూడా ఉన్నాడు. పెన్నాగట్టు మొదటి పోస్టులో మెచ్చుకున్న ఆ ఆఖరి ఎపిసోడ్ రాసిన ఇద్దరిలో ఒకడు. ఆ 9 కూడా కలిపితే 22.

కనిగిరి కొండ

ఇది సిరీస్‌ల పోటీ అన్నారు, మనుషుల పోటీ ఎప్పుడైంది?

పెన్నాగట్టు

మాస్టారు కలపమన్నప్పటి నుంచి.

చేపల పులుసు

కెప్టెన్ వ్యోమ్‌కి కేతన్ మెహతా మిగతా పనులు కలుపుకోవచ్చా? అడుగుతున్నానంతే.

మార్కాపురం పలక

డార్క్‌లో చేసినట్టు 33 ఏళ్ళ తర్వాత మళ్ళీ ఓటింగ్ పెట్టండి. అప్పటికి వెలిగొండ నీళ్ళూ వచ్చేసి ఉంటాయి, కనిగిరివాళ్ళు ఎక్స్‌పాన్స్‌కి ఓటు వెయ్యరు.

కనిగిరి కొండ

అక్కా, మీ మార్కాపురానికి మాత్రం ముందే వస్తాయా ఏంటి?

పెన్నాగట్టు

మూర్ లెక్క చెల్లదు, మాస్టారి లెక్కా చెల్లదు. ఎక్స్‌పాన్స్ 12తో ఫస్ట్. రేపు సాయంత్రం ఏడింటికి కొత్త పోస్టు పెడతా, చెత్త ముగింపుల ర్యాంకింగ్. గిత్తా, బ్యాటిల్‌స్టార్ తరఫున నువ్వే వాదించాలి.